మంత్రిగారు అక్కని అడగని తోట

మొన్న శనివారం తమ్ముడు ఒక పీడీఎఫ్ పంపాడు. ఊళ్ళో నాన్న పేరు మీద మిగిలిన పొలంలో నా వాటా వదులుకుంటున్నట్టు ఆరు పేజీలు. కింద ఒక మెసేజ్: "జస్ట్ ఫార్మాలిటీ అక్కా. నోటరీ దగ్గర సంతకం పెట్టేసి కొరియర్ చెయ్యి." దాని పక్కన దణ్ణం పెడుతున్న బొమ్మ.

మోరిస్‌విల్‌లో మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలోనే నోటరీ ఉంది. డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి నా లైసెన్స్ చూసింది, స్టాంపు తీసి పక్కన పెట్టుకుంది, పెన్ను నా చేతికిచ్చింది. నేను కాగితం మీదకి వంగి అలాగే ఉండిపోయాను. ఆ పొలం మీద నాకేమీ ఆశ లేదు. జన్మలో రెండుసార్లు చూసుంటాను, రెండుసార్లూ చెప్పులు బురదలో కూరుకుపోయాయి. అయినా చెయ్యి కదల్లేదు. మళ్ళీ వస్తానని చెప్పి, కాగితాలు పట్టుకుని బయటికొచ్చేశాను. కార్లో కూర్చున్నాక గుర్తొచ్చారు మంత్రిగారు.

అప్పుడు మేం అరోరాలో ఉండేవాళ్ళం. ఇప్పటి అరోరా కాదు. మా వీధే ఊరికి చివర, మా పెరటి కంచె దాటితే కనుచూపు మేరా మొక్కజొన్న చేలు. పసుపు కొనాలన్నా, కందిపప్పు కొనాలన్నా షికాగో దాకా పోవాలి. అమ్మకి హాస్పిటల్లో డ్యూటీలు, నాన్నకి ల్యాబ్. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు ఇంకా పాకుతున్నాడు. మమ్మల్ని చూసుకోవడానికి తెనాలి వైపు నుంచి అమ్మమ్మ వచ్చింది. వచ్చిన మర్నాడే అమెరికా సంగతి తేల్చేసింది. "ఊరంతా ఉప్పు లేని పప్పులా ఉందే," అంది.

ఆ వారంలోనే ఒకరోజు వంటింటి కిటికీలోంచి పక్కింటి వైపు చూసి నన్ను కేకేసింది. ఆ ఇంటి వరండాలో ఎర్రటి మిరపకాయలు దండలుగా గుచ్చి వేలాడదీసి ఉన్నాయి. "ఎవరో మన వైపు మనిషే," అంది. కాదు, ఒక్కడే ఉండే ముసలి తెల్లాయన అని చెప్పినా వినలేదు. కుచ్చిళ్ళు సర్దుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

తలుపు తీసినాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నా కోటు వేసుకునే ఉన్నాడు. అమ్మమ్మని చూడగానే నడుం వంచి, ఆవిడ చెయ్యందుకుని ముద్దు పెట్టుకోబోయాడు. ఆయనది హంగరీ. అక్కడి పెద్దిళ్ళలో ఆడవాళ్ళని అలాగే పలకరిస్తారని మాకు తర్వాత తెలిసింది. అమ్మమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుని, రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచి దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చి ఆ చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. మర్నాడు కంచె దగ్గర కనిపించినప్పుడు ఆయన కూడా దూరం నుంచే రెండు చేతులూ జోడించాడు. "పర్లేదు, చెబితే వినే మనిషే," అంది అమ్మమ్మ.

ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు, మధ్యలో నేను. నాకు తెలుగు అంతంత మాత్రం. "అమ్మమ్మా, అంకుల్ చెప్తున్నాడు, ఆ మిరపకాయ్ హాట్ కాదంట, స్వీట్ అంట," అనేదాన్ని. మిరపకాయ తియ్యగా ఉండటమేమిటని అమ్మమ్మ ఒకటి కొరికి చూసింది. "రంగే గానీ కారం లేదు," అని మొహం తిప్పుకుంది. కానీ మర్నాటి నుంచి వాటితోనే పచ్చడి చేసేది. ఆయన దగ్గర డబ్బా నిండా నల్ల గసగసాలు ఉండేవి. వాటిని దంచి, పంచదార కలిపి, ఉడకబెట్టిన సేమ్యా లాంటి దాని మీద చల్లుకుని తినేవాడు. మసాలాలో వెయ్యాల్సిన గసగసాలు ఇలా పాడు చేస్తున్నాడని అమ్మమ్మ గొణిగేది. నాకు మాత్రం ఆ వాసన చాలా ఇష్టం. ఆయనింటికి వెళ్ళడానికి సాకులు వెతుక్కునేదాన్ని.

ఆయనింటి గోడకి ఒకే ఒక్క ఫోటో ఉండేది. పెద్ద బల్ల ముందు కూర్చున్న కుర్రాడు చేతిలో పెన్ను పట్టుకుని ఉన్నాడు, వెనక కోట్లు వేసుకున్న మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అది నేనే, వ్యవసాయ మంత్రిగా ఉన్నప్పటిది అన్నాడాయన. అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ కొంగు భుజం మీదకి లాక్కుని మర్యాదగా నిలబడింది.

"ఎన్నాళ్ళు చేశాడంటా?"

"సిక్స్ వీక్స్."

"ఆరు వారాలా? మా పెరట్లో చిక్కుడు పందిరి అంతకన్నా ఎక్కువ రోజులుంటుంది," అంది. అయినా ఆ రోజు నుంచీ ఆయన్ని మంత్రిగారనే పిలిచింది. పదవి పోయి ఈ దేశానికొచ్చి, ముప్పై ఏళ్ళు కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేశాడని తెలిశాక ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఒక్క కుర్చీ పోతే పోయింది, ఎన్ని కుర్చీలు చేశాడో చూడు," అంది. ఇది ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కానీ ఆయనే అర్థం చేసుకుని ముందు నవ్వాడు.

నాకు ఆయన ఒక పట్టాన అర్థమయ్యేవాడు కాదు. పుట్టుకతో గొప్ప జమీందారు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, పెద్ద పెద్ద ఎస్టేట్లన్నీ దున్నేవాళ్ళకి పంచాలని కొత్త ప్రభుత్వం వస్తే, ఆ పని జమీందారు కొడుకు చేత చేయిస్తే బాగుంటుందని ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టారట. ఈయన కూడా అది న్యాయమని నమ్మి, మొట్టమొదటి సంతకం సొంత తండ్రి భూమి మీదే పెట్టాడు. ఆరు వారాలయ్యాక, నువ్వు జమీందారు కొడుకువి కదా అని వాళ్ళే ఆయన్ని జైల్లో పెట్టారు. అటు జమీందార్లేమో ద్రోహి అన్నారు. షికాగోలో వాళ్ళ దేశం వాళ్ళు ఎంతమందున్నా ఆయన గడప తొక్కినవాళ్ళని నేను చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "అంకుల్, మీరు గుడ్ గయ్యా, బ్యాడ్ గయ్యా?" అని అడిగేశాను. ఆయన గోడ మీది ఫోటో వైపు చూసి, "నువ్వు ఎవరింట్లో అడుగుతున్నావో దాన్నిబట్టి," అన్నాడు.

ఆ రోజుల్లో నాకు స్టాంపుల పిచ్చి. ఆయన ఉత్తరాలు పెట్టెలోంచి తెచ్చిచ్చే పని నాదే కాబట్టి, అడక్కుండానే కవర్ల మీది స్టాంపులు ఊడదీసుకునేదాన్ని. ఆ శరత్కాలంలో ఒక కవరు నా పుస్తకాల మధ్య అమ్మమ్మకి దొరికింది. అది ఆయన రాసిందే, ఎవరూ విప్పకుండా తిరిగొచ్చింది. అమ్మమ్మ నా చెవి పట్టుకుని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టింది. ఆయన నన్నేమీ అనలేదు. కవరు చేతిలోకి తీసుకుని, "ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఒకటి రాస్తాను, ప్రతి ఏడూ తిరిగొస్తుంది," అన్నాడు. అది షికాగోలో ఉన్న వాళ్ళక్కకి. గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక్కగానొక్క తోబుట్టువు ఆయనతో మాట్లాడి ముప్పై ఏళ్ళు దాటిపోయింది. చచ్చేలోగా ఒక్క పూట తన బల్ల దగ్గర ఆమె కూర్చుని తింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అన్నాడు.

ఎందుకు మాట్లాడదో అడగమంది అమ్మమ్మ. తండ్రి ఎస్టేట్‌తో పాటు, తల్లి ఆమె పేరున రాసిచ్చిన ప్లమ్ తోట కూడా అదే సంతకంలో పోయిందట. ఆ తోట ఒక్కటీ వదిలేస్తే మంత్రి తన వాళ్ళది దాచుకున్నాడని జనం అంటారని భయపడ్డాడట.

"సంతకం పెట్టేముందు ఆమెని అడిగాడా?" అంది అమ్మమ్మ.

నేను అడిగాను. ఆయన టైం లేదన్నాడు. తర్వాత, "అడిగితే కాదనేది. అందుకే అడగలేదు," అన్నాడు.

అమ్మమ్మ మొహం ఎర్రబడింది. "తప్పు చేశావయ్యా అని చెప్పు. పంచాలనుకుంటే నీది పంచుకో, ఎవరొద్దన్నారు? తల్లి పసుపు కుంకుమల కింద కూతురికిచ్చిన తోట పంచడానికి నువ్వెవరివి? దాత అన్న పేరు నీకు, కట్టుబట్టలు ఆమెకీనా? చెప్పవే."

నాకు అలా చెప్పబుద్ధి కాలేదు. ఆయన ముసలివాడు, నాకు గసగసాల సేమ్యా పెడతాడు, స్టాంపులు దొంగిలించినా తిట్టలేదు. "షి సేస్, యూ ఆర్ ఎ గ్రేట్ మ్యాన్," అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడి అమ్మమ్మకి చేతులు జోడించాడు.

"నేను తిడితే దణ్ణం పెడతాడేంటే?" అంది అమ్మమ్మ. వెంటనే సంగతి అర్థమై, వదిలిన చెవే మళ్ళీ పట్టుకుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. అబద్ధం చెప్పి మంచిదానివి అనిపించుకోకు."

చెప్పాను. ఒక్కో మాటా నేలని చూస్తూ చెప్పాను. ఆయన కూర్చుండిపోయాడు. తను భూమి పంచాడనే అక్కకి కోపం అనుకున్నాడట ఇన్నేళ్ళూ. ఇప్పుడేం చెయ్యాలో మీ అమ్మమ్మని అడుగు అన్నాడు.

"ఉత్తరం ముక్క పడేస్తే ఆడపడుచు వస్తుందా? ఇంటికెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. ఈయనింట్లో ఆడదిక్కు లేదు కాబట్టి మనమే వెళదాం."

తాతయ్య పోయినప్పటి నుంచీ అమ్మమ్మ బొట్టు పెట్టుకోదు, ఇంకొకరికి పెట్టదు. కాబట్టి పిలిచే పని నాది. శనివారం తమ్ముణ్ణి అమ్మకి అప్పగించి, కుంకుమ భరిణె, ఒక వెంకటగిరి చీర, డబ్బాలో సున్నుండలు పెట్టుకుని ముగ్గురం షికాగో రైలెక్కాం. మంత్రిగారు ఎదురు సీట్లో టోపీ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా కూర్చున్నాడు.

రైల్లో అమ్మమ్మ కిటికీలోకి చూస్తూ, నేనేమీ అడక్కుండానే మొదలుపెట్టింది. మన దేశంలో కూడా భూములు ఇంతకు మించి ఉండకూడదని చట్టం వచ్చిందట. ఒక మధ్యాహ్నం ఆవిడ మజ్జిగ చేస్తుంటే వాళ్ళ తమ్ముడు కాగితాలతో వచ్చాడట. "సంతకం పెట్టక్కా, అంతా సర్దుకున్నాక చూసుకుందాం," అన్నాడట. చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేసిందట. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మూడెకరాలు అలా ఎవరెవరి పేర్ల మీదకో వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు.

"చదివావా అమ్మమ్మా, అందులో ఏముందో?"

"తమ్ముడు కదే," అంది.

నా బుర్ర గిర్రున తిరిగింది. ఈయన ప్రభుత్వం తరఫున సంతకం పెట్టి అక్క భూమి పంచేశాడు. అమ్మమ్మ తమ్ముడు ప్రభుత్వాన్ని మోసం చేయడానికి సంతకం పెట్టించుకుని అక్క భూమి దాచేశాడు. స్కూల్లో చెప్పిన లెక్క ప్రకారం ఒకరు మంచి, ఒకరు చెడ్డ అవ్వాలి. రైలు దిగేదాకా లెక్క తేలలేదు.

వాళ్ళక్క ఇటుకల ఇంట్లో రెండో అంతస్తులో ఉండేది, కర్టెన్లు కుట్టి బతికేది. పిలవడానికి వచ్చింది మేం కాబట్టి మంత్రిగారిని వీధిలోనే ఉండమంది అమ్మమ్మ. నేను బెల్లు కొట్టాను. మెడలో కొలత టేపు, చేతిమీద గుండుసూదులు గుచ్చిన పట్టీ, నల్ల గౌనుతో ఒక పెద్దావిడ తలుపు తీసింది. నేను నేర్చుకున్న పాఠం అప్పగించినట్టు భరిణె తీసి, కుంకుమలో వేలు ముంచి, మునివేళ్ళ మీద లేచాను. చిన్నపిల్ల ఏదో చెప్పబోతోంది అనుకుందేమో, ఆవిడ వంగింది. బొట్టు పెట్టేశాను. అప్పుడే అమ్మమ్మ ఆవిడ వెనక గోడ మీద నల్ల రిబ్బను కట్టిన భర్త ఫోటో చూసింది. బావగారు పోయిన సంగతి మంత్రిగారికే తెలీదు, మాకెలా తెలుస్తుంది? "అయ్యో, ఎంత పని చేశామే," అని అమ్మమ్మ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

ఆవిడ నుదురు తడుముకుని, ఎర్రబడిన వేలు చూసుకుంది. "మా చర్చిలో ఏడాదికొకరోజు ఇలాగే బూడిద పెడతారు, మట్టిలో కలిసిపోతావని గుర్తుచేస్తూ. ఇది దేనికి?" అని నన్నడిగింది.

"దిస్ మీన్స్, మీరు మా ఇంటికి తినడానికి రావాలి. మా ఇంటికి కాదు, మినిస్టర్ అంకుల్ ఇంటికి," అన్నాను.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద పోస్టు డబ్బా పక్కన ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ముసలాడైపోయాడు," అంది. తర్వాత గొంతు మార్చి, "ఏం కావాలట ఇప్పుడు?" అంది.

"ఆ రోజు అడక్కపోవడం తప్పని తెలిసిందట, చెప్పు," అంది అమ్మమ్మ. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ఆవిడ పట్టీలోంచి ఒక సూది తీసి మళ్ళీ అక్కడే గుచ్చింది. "పార్టీ వాళ్ళని అడిగాడు. చర్చి ఫాదర్ని అడిగాడు. తోటమాలిని కూడా అడిగాడు. నన్ను తప్ప," అంది. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అమ్మమ్మ చీర పొట్లం, సున్నుండల డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. ఆయన్ని పైకి పిలవలేదు. మేం వచ్చేసేటప్పుడు మాత్రం, "ఆదివారం వస్తాను. ఈ పిల్ల పిలిచింది కాబట్టి," అంది. బొట్టు తుడుచుకోలేదు.

ఆ వారమంతా మంత్రిగారిల్లు వెన్న వాసన. ఉడకబెట్టిన బంగాళాదుంప ముద్దలో ఒక్కో ప్లమ్ పండు పెట్టి, ఉండ చేసి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లించడం వాళ్ళమ్మ వంటట. మూడుసార్లు చేసి మూడుసార్లూ పారేశాడు. అమ్మమ్మ పులిహోర చేసి పట్టుకెళ్ళింది. అంతకన్నా ముఖ్యంగా ఒక షరతు పెట్టింది. ఇలాంటివి పెద్దమనుషుల ముందు అడగాలి, ఆమె ముద్ద ముట్టకముందే అడగాలి, నాకు తెలిసే భాషలో అడగాలి.

ఆవిడ అదే నల్ల గౌనుతో వచ్చింది. చీర పొట్లం అలాగే తెచ్చి బల్ల చివర పెట్టింది. ఇచ్చేయడానికి తెచ్చిందో, ఉంచుకున్నానని చెప్పడానికి తెచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆవిడ కూర్చుంది గానీ ప్లేటు దగ్గరికి లాక్కోలేదు. ఆయన తన కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఇంగ్లీషులో మెల్లిగా అన్నాడు.

"అక్కా, అమ్మ నీకిచ్చిన తోట ఊళ్ళోవాళ్ళకి పంచాలనుకుంటున్నాను. ఇస్తావా?"

ఎప్పుడో పోయిన తోట. ఆ చెట్లు కూడా ఉన్నాయో లేవో. నేను అమ్మమ్మ చెవిలో తెలుగులో చెప్పి, ఆవిడ వైపు చూశాను. ఆవిడ తీరిగ్గా రుమాలు విప్పి ఒళ్ళో పరుచుకుంది.

"ఇవ్వను," అంది.

అమ్మమ్మ తల ఊపింది. ఆయన కూడా తల ఊపాడు. ఆవిడ ప్లేటు దగ్గరికి లాక్కుని, "చల్లారిపోతున్నాయి, వడ్డించు," అంది. ఆయన వడ్డిస్తుంటే ఒక ఉండ జారి బల్ల మీద దొర్లింది. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ చెయ్యి చాపితే ఆయన వంగి ముద్దు పెట్టుకున్నాడు. చీర మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళింది.

"ఆమె నో అంది కదా అమ్మమ్మా, మరి అంకుల్‌కి హ్యాపీ ఎందుకు?" అని ఇంటికొస్తూ అడిగాను.

"ఆ ఒక్క మాట అనడానికే ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుందే ఆవిడ," అంది అమ్మమ్మ. నాకేమీ అర్థం కాలేదు.

ఆ మర్నాడు అమ్మమ్మ నీలం రంగు ఏరోగ్రామ్ మీద వాళ్ళ తమ్ముడికి ఉత్తరం రాసింది. ఏం రాసిందో నాకు చెప్పలేదు. మంత్రిగారే నడిచివెళ్ళి పోస్ట్ చేశాడు. రోజూ నేను ఉత్తరాల పెట్టె తెరిచేసరికి ఇద్దరూ కంచెకి అటూ ఇటూ నిలబడి ఉండేవారు. రెండు నెలలకి జవాబొచ్చింది. వానలు బాగా పడ్డాయి, మనవరాలికి చెవులు కుట్టించాం, అందరూ నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. పొలం గురించి ఒక్క ముక్క లేదు. అమ్మమ్మ చివరి వరుస దాకా చదివి, కాగితం తిప్పి వెనక కూడా చూసి, మడిచి పెట్టేసింది. ఆ రోజు మంత్రిగారు తన మిరపకాయల దండ ఒకటి తెచ్చి మా వంటింటి తలుపుకి తగిలించి వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మంచివాడా, చెడ్డవాడా అన్నది నాకిప్పటికీ తేలలేదు. ఆయన పంచిన భూమిలో ఎవరో కడుపు నిండా తినే ఉంటారు. వాళ్ళక్క సూదులు గుచ్చుకుంటూ కర్టెన్లు కుట్టిన మాటా నిజమే. రెండూ నిజమైతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు నాకు.

నోటరీ దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వాడిప్పుడు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటాడు.

"సైన్ చేశావా అక్కా?"

"లేదురా."

"ఏంటి, పొలం కావాలా నీకు? కావాలంటే చెప్పు, తప్పేముంది?"

"కావాలో వద్దో తెలీదు. నువ్వు నన్ను ఇంకా అడగలేదుగా."

"అదేంటక్కా, పీడీఎఫ్ పంపానుగా."

"పంపావు. అడగలేదు."

వాడికి అమ్మమ్మ కూడా సరిగ్గా గుర్తులేదు, మంత్రిగారెక్కడ గుర్తుంటారు పాపం. "ఫ్లైట్ బుక్ చేసుకుని రా," అన్నాను. "నా ఎదురుగా కూర్చుని, అన్నంలో చెయ్యి పెట్టకముందు అడుగు."

"సరే, వస్తాను. అడిగితే ఇస్తావా, ఇవ్వవా? అది చెప్పు ముందు."

ఏమో, నిజంగా నాకే తెలీదు.

"వచ్చి అడుగు," అన్నాను. "కాదన్నానని మాత్రం లేచి వెళ్ళిపోకు. భోజనం చేసి వెళ్ళు."